స్లైడ్లలో రహస్య వివరాలను నల్ల పెట్టెలతో కప్పి పంపవచ్చా?

సోమవారం కొత్త క్లయింటుకు పంపాల్సిన పవర్‌పాయింట్‌లో పాత క్లయింట్ల పేర్లు, ధరలు ఉన్నాయన్నారు. వాటి మీద నల్ల పెట్టెలు గీసి, రెండు స్లైడ్లను హైడ్ చేస్తే చాలా అని అడిగారు. చాలదు. దయచేసి అలా పంపకండి.

కొన్నేళ్ల కిందట నేను వ్యవసాయ పంపుసెట్లు అమ్మే ఒక సంస్థలో పనిచేసేదాన్ని. డీలర్ల సమావేశానికి స్లైడ్లు తయారు చేశాను. ఒకదానిలో నెలవారీ అమ్మకాల చార్టు, నాలుగు నీలం కడ్డీలు, అంతే. దాన్ని ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించినప్పుడు వర్క్‌బుక్ మొత్తం వెంట వచ్చిందని నాకు తెలియదు. సమావేశం అయ్యాక ఫైలును అందరికీ మెయిల్ చేశాను. మర్నాడు పొద్దున్నే గుంటూరు వైపు డీలరు ఒకాయన ఫోను చేశారు. "అమ్మా, పదకొండేళ్లుగా మీ సరుకే అమ్ముతున్నాను. నాకు ఎనిమిది శాతం, నిన్నగాక మొన్న చేరిన పక్క మండలం ఆయనకు పన్నెండా?" అన్నారు. కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది ఆ గొంతులో. ఆయన చేసిందల్లా చార్టు మీద కుడి క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' నొక్కడమే. పక్క షీటులో డీలర్లందరి కమీషన్లూ ఉన్నాయి.

పవర్‌పాయింట్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. మీ ఫైలుకు కాపీ తీసి, పేరు చివర ఉన్న పీపీటీఎక్స్‌ను జిప్‌గా మార్చి తెరిచి చూడండి. 'మీడియా' ఫోల్డరులో బొమ్మలు, 'ఎంబెడింగ్స్' ఫోల్డరులో ఎక్సెల్ ఫైళ్లు బయటపడతాయి. మీరు క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ కత్తిరించక ముందు ఎలా ఉందో అక్కడ అలాగే ఉండవచ్చు. 'కంప్రెస్ పిక్చర్స్'లో క్రాప్ చేసిన భాగాలను తొలగించే ఎంపిక పెట్టినప్పుడే అది పోతుంది. పవర్‌పాయింట్‌లోనే బ్లర్ చేసిన బొమ్మ కూడా 'రీసెట్ పిక్చర్' నొక్కగానే మళ్లీ స్పష్టంగా కనిపిస్తుంది.

నల్ల పెట్టెను మౌసుతో పక్కకు లాగితే చాలు. పీడీఎఫ్‌గా మార్చినా కింది అక్షరాలు అలాగే ఉంటాయి. 2014 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ స్లైడ్లను పీడీఎఫ్‌గా పెట్టినప్పుడు, నల్లగా కప్పిన చోటును కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఒక ఉద్యోగి పేరు బయటపడింది. ఇక హైడ్ చేసిన స్లైడు ప్రదర్శనలో రాదు గానీ ఫైలులోనే ఉంటుంది. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా ఇచ్చిన ఎక్సెల్ ఫైలులో ఇలాగే దాచిన షీటు ఒకటి మిగిలిపోయి, 9,483 మంది సిబ్బంది వివరాలు బయటికి పొక్కాయి. పోలీసు ఉద్యోగమని తెలిస్తే ప్రాణాల మీదికి వచ్చే చోటు అది. ఆ కుటుంబాలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి కప్పవద్దు, తీసేయండి. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీద పనిచేయండి. పేర్లను చెరిపి 'క్లయింటు 1', 'క్లయింటు 2' అని కొత్తగా టైపు చేయండి. హైడ్ చేసిన స్లైడ్లను డిలీట్ చేయండి. చార్టును కాపీ చేసి బొమ్మగా అతికించి, పాతదాన్ని తొలగించండి. స్లైడు కింద రాసుకున్న నోట్స్ చాలామందికి గుర్తే ఉండదు. బేరంలో ఎంతదాకా దిగవచ్చో నేను అక్కడే రాసుకునేదాన్ని. తర్వాత 'ఫైల్', 'ఇన్ఫో', 'చెక్ ఫర్ ఇష్యూస్', 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' వరుసగా నొక్కితే నోట్స్, కామెంట్లు, తయారుచేసినవారి పేరు వంటివాటిని అది పట్టుకుంటుంది. కానీ ఒక వస్తువు కింద కప్పి ఉన్నదాన్ని మాత్రం పట్టుకోదు. సరిగ్గా మీరు చేయాలనుకున్నది అదే.

చివరికి పీడీఎఫ్ చేసి, అందులోని అక్షరాలన్నిటినీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, పాత క్లయింట్ల పేర్లు ఒక్కొక్కటే వెతకండి. బొమ్మల్లో కనిపించే పేర్లు అందులో దొరకవు, వాటిని కంటితోనే చూడాలి. ఇంత చేసినా నాకు గంట పట్టదు.

ఇంతకుముందు ఎవరికైనా ఇలా కప్పిన ఫైలు పంపి ఉంటే, ఆ పాత క్లయింట్లకు మీరే ముందుగా ఫోను చేసి చెప్పండి. నేను ఆ రోజు మధ్యాహ్నం దాకా మిగతా డీలర్లకు వరుసగా ఫోన్లు చేశాను. అప్పటికే ముగ్గురు ఆ షీటు చూసేశారు.