రౌరౌ కూర తింటే గొంతు దురద – సమాధానం

రౌరౌ కూర తిన్నాక మీకు వచ్చిన గొంతు దురదకు కారణం మీరు అనుమానించినట్టు అందులో పోసిన కొబ్బరిపాలు కాదు, ఆకు సరిగా ఉడకకపోవడమే. ఫిజీ రాజధాని సువాలోని సంతలో కొన్న ‘రౌరౌ’ కట్టను పాలకూరలాంటిదే అనుకుని పది నిమిషాలు ఉడికించానని రాశారు. కానీ ఫిజీలో రౌరౌ అంటే చేమ ఆకు, దాని దుంప ‘దాలో’. ఇదే ఆకును టోంగాలో ‘లూ’ అని, హవాయిలో ‘లూఆవు’ అని, కుక్ దీవుల్లో ‘రుకావు’ అని పిలుస్తారు కనుక, ఈ పేర్లలో ఏది కనిపించినా ఇదే జాగ్రత్త అవసరం.

1. కాడలు, లావుపాటి ఈనెలు తీసివేయండి.

2. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఆకు వాడి రంగు మారగానే దించేస్తారు. చేమ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గొంతులో గుచ్చుకునేవి అవే. అందువల్ల మరిగే నీటిలో కనీసం 45 నిమిషాలు ఉడికించి, గరిటె వెనుకభాగంతో నొక్కితే ఆకు పూర్తిగా ముద్దయ్యే వరకు ఆగి, ఆ నీటిని పారబోయండి. మన ఇళ్లలో చేమాకు పులుసుకు చింతపండు తప్పనిసరి కావడం కూడా ఈ దురద భయంతోనే.

3. ఆ తర్వాతే ‘లోలో’, అంటే కొబ్బరిపాలు, పోసి సన్నని మంటపై ఐదు నిమిషాలు ఉంచండి.