డిగ్‌కు దొరికిన పేరు పింగ్‌కు ఎందుకు దొరకదు?

లినక్స్‌లో సర్వర్ పేరును డిగ్ కమాండ్‌తో అడిగితే ఐపీ అడ్రస్ సరిగ్గానే వస్తోంది, పింగ్, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం ‘నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్’ అంటున్నాయి, పేర్లకు ఐపీలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ మార్చినా అంతే అని మీరు అన్నారు. అయితే ఆ సర్వర్ జోలికి ఇక వెళ్లకండి, అది తన పని చేస్తూనే ఉంది.

డిగ్, ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతాయి. పింగ్, ఎస్‌ఎస్‌హెచ్, కర్ల్ అలా కాదు. అవి సీ లైబ్రరీని, అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే సిస్టమ్ లైబ్రరీని అడుగుతాయి. మామూలు లినక్స్‌లో ఆ లైబ్రరీ /ఈటీసీ/ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ తెరిచి, ‘హోస్ట్స్’ లైన్‌లో ఏ వరుస ఉంటే ఆ వరుసలో వెతుకుతుంది. అందులో ‘ఫైల్స్’ అంటే పేర్లు, ఐపీలు చేత్తో రాసుకునే /ఈటీసీ/హోస్ట్స్ ఫైల్. డీఎన్‌ఎస్ వంతు సాధారణంగా చివర్లో వస్తుంది. కాబట్టి ముందుగా ‘గెట్‌ఎంట్ ఏహోస్ట్స్’ పక్కన ఆ పేరు ఇచ్చి చూడండి. ప్రోగ్రాములకు దొరికే జవాబే మీకూ కనిపిస్తుంది. డిగ్ జవాబు ఎంత అందంగా ఉన్నా ఇక్కడ సాక్ష్యంగా పనికిరాదు.

మా ఆఫీసులో ఇదే గొడవ వచ్చింది. లోపలి సర్వర్‌కు ఎవరో ‘బిల్డ్.లోకల్’ అని పేరు పెట్టారు. డిగ్‌కు దొరికేది. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం కాసేపు ఆలోచించి చేతులెత్తేసేది. హోస్ట్స్ లైన్ చూస్తే ‘ఫైల్స్’ తర్వాత ‘ఎండీఎన్‌ఎస్4_మినిమల్’, దాని పక్కనే బ్రాకెట్లలో ‘నాట్‌ఫౌండ్=రిటర్న్’, ఆ తర్వాతే ‘డీఎన్‌ఎస్’. అంటే డాట్ లోకల్ పేరు మల్టీకాస్ట్‌లో (సర్వర్ లేకుండా లోకల్ నెట్‌వర్క్‌లోని మెషీన్లనే అడిగే పద్ధతిలో) దొరక్కపోతే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది, డీఎన్‌ఎస్ దాకా వెళ్లదు. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణం డాట్ లోకల్‌ను మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కే కేటాయించింది, కాబట్టి సిస్టమ్‌ను తిట్టి లాభం లేదు. ‘డీఎన్‌ఎస్’ను ముందుకు జరిపితే పని జరుగుతుంది గానీ, ప్రతి మెషీన్‌లోనూ ఆ మార్పు చేసుకుంటూ తిరగాలి. మేము పేరే మార్చేశాం. మీ సర్వర్ పేరు కూడా డాట్ లోకల్‌తో ముగుస్తుంటే అదే చేయండి. సొంత డొమైన్ లేని ఇంటి నెట్‌వర్క్ అయితే ‘హోమ్.ఆర్పా’ అనే ముగింపు అందుకే ఉంది.

పేరు అలాంటిది కాకపోతే /ఈటీసీ/హోస్ట్స్‌లో పాత ఎంట్రీ ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి. అలాంటప్పుడు ఎర్రర్ కూడా రాదు, పింగ్ నిశ్శబ్దంగా పాత ఐపీకి వెళ్తుంది. ఎన్‌ఎస్‌సీడీ అనే సర్వీస్ నడుస్తుంటే దాన్ని ఒకసారి రీస్టార్ట్ చేయండి, పాత జవాబులు దాచిపెట్టుకోవడం దాని అలవాటు.

పేరు దొరుకుతున్నా ప్రతిసారీ సుమారు 5 సెకన్లు ఆలస్యమైతే అది వేరే కథ. /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌లో మొదటి నేమ్‌సర్వర్ (డీఎన్‌ఎస్ సర్వర్) చాలావరకు జవాబివ్వడం లేదన్నమాట. మామూలు లినక్స్‌లోని సీ లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ, డిఫాల్ట్‌గా అంతసేపు ఆగాకే రెండోదాన్ని అడుగుతుంది. నేమ్‌సర్వర్లు మూడింటికి మించి రాసినా పట్టించుకోదు. ఆ ఫైల్‌ను చేత్తో మార్చేముందు ‘ఎల్‌ఎస్ -ఎల్’ కొట్టండి. అది సిమ్‌లింక్ (వేరే ఫైల్‌కు దారి చూపే లింక్) అయి లోపల 127.0.0.53 కనిపిస్తే అక్కడ ఉన్నది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీస్. మీరు రాసింది నిలవదు, ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’తో అసలు సర్వర్లు చూసి ఆ సర్వీస్ సెట్టింగుల్లోనే మార్చాలి.

ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటైనర్‌లో అయితే పైన చెప్పిన ఎన్‌ఎస్‌స్విచ్ సంగతి మర్చిపోండి. అందులోని సీ లైబ్రరీ, అంటే మజిల్, ఆ ఫైల్‌ను అసలు చదవదు.

గెట్‌ఎంట్ ఏమంటుందో, మీ హోస్ట్స్ లైన్ ఎలా ఉందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.