డాక్టర్ సలహా: స్టూడియో మూసి ఉద్యోగంలో చేరాను.. ఆదివారం సాయంత్రమైతే గుండె దడ!

ప్రశ్న: నా వయసు 43. మాది కరీంనగర్. 14 ఏళ్లు సొంత ఫొటో స్టూడియో నడిపాను. పెళ్లి ఆర్డర్లు తగ్గాయి, కెమెరాల కోసం తెచ్చిన అప్పు పెరిగింది. మూడు నెలల కిందట స్టూడియో మూసేసి, హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే కంపెనీలో చేరాను. ఫొటోలు తీసి ఎడిటింగ్ చేసే పని, జీతం 20 వేలు. మా ఆవిడ, పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. నేను బాలానగర్‌లో రూమ్ తీసుకుని, శనివారం రాత్రి వెళ్లి ఆదివారం ఆఖరి బస్సుకి వస్తుంటాను. ఉదయం 8.30కల్లా పంచ్ కొట్టాలి. చేరేటప్పుడు చేసిన మెడికల్ టెస్టులో బీపీ 150/94, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. ఆదివారం సాయంత్రం జేబీఎస్ (సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్) బస్సు ఎక్కగానే గుండె దడ మొదలవుతుంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. నిద్ర లేదు. మెడికల్ షాపులో ఆల్‌ప్రాజోలం 0.25 ఇస్తే మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నాను. అప్పు కట్టాలి కాబట్టి పాత కస్టమర్ల ఆల్బమ్ డిజైన్లు రాత్రి ఒంటిగంట దాకా చేస్తున్నాను. మా టీమ్ లీడర్‌కి 27 ఏళ్లు. ఆ అబ్బాయిని సార్ అనడానికి నోరు రావడం లేదు. నాకు గుండె జబ్బు ఉందా? మళ్లీ స్టూడియో తెరిస్తే ఇవన్నీ పోతాయా? ఆ మాత్ర వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు గుండె సంగతి చూద్దాం. ఈసీజీ నార్మల్ రావడం మంచిదే. అయితే దడ, నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ ఒక్కటే చూసి గుండెకు ఏమీ లేదని తేల్చేయలేం. మెట్లెక్కేటప్పుడు, వేగంగా నడిచేటప్పుడు ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతోందా అన్నది గమనించండి. అలా ఉంటే ఈ వారంలోనే గుండె డాక్టర్‌ను కలవాలి. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఊపిరి అందకపోయినా గ్యాస్ అనుకుని మాత్ర మింగి కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మీరు రాసినదాన్ని బట్టి దడ కదలకుండా కూర్చున్నప్పుడు, వారంలో ఒకే రోజు, ఒకే బస్సులో వస్తోంది. ఇలాంటిది ఎక్కువగా టెన్షన్ వల్లే వస్తుంది. అయినా 43 ఏళ్ల వయసులో, బీపీ, షుగర్ రెండూ హద్దు దాటుతున్న మనిషికి నేను మాటతో సరిపెట్టను. ఒకసారి ఫిజీషియన్‌ను కలిసి థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), కొలెస్ట్రాల్ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువగా ఉన్నా ఇలాగే దడ వస్తుంది. ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్షలు అవసరమా కాదా అన్నది ఆయన మిమ్మల్ని పరీక్షించి చెబుతారు.

ఇక మీరు పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు. మీకు ఆ పరీక్ష చేసింది ఉద్యోగంలో చేరేటప్పుడు. అంటే ఆ 6.1 మీ స్టూడియో చివరి నెలల లెక్క. ఈ ఆఫీసుకూ దానికీ సంబంధం లేదు. బీపీ కూడా అంతే, ఆ రోజు పరీక్ష భయంతో కొంత పెరిగి ఉండొచ్చు గానీ, ఎన్నాళ్లుగా ఉందో ఎవరికి తెలుసు? ఈ 14 ఏళ్లలో ఎన్నిసార్లు చూపించుకున్నారో గుర్తు చేసుకోండి. కిరాణా కొట్టు వాళ్లు, టైలర్లు, ఆటో నడిపేవాళ్లు, మీలాంటి ఫొటోగ్రాఫర్లు నా దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. షట్టర్ తీయని రోజు సంపాదన లేని రోజు కాబట్టి ఆస్పత్రి మాట రేపటికి, ఎల్లుండికి జరుగుతూ పోతుంది. వాళ్ల తప్పని నేను అనను, కానీ ఆ జాప్యం ఖరీదు నాకు తెలుసు. కాబట్టి ఉద్యోగం వల్ల జబ్బు వచ్చిందని మీరు అనుకుంటున్నారు గానీ, ఉద్యోగం వల్ల అది బయటపడిందనే నేను నమ్ముతున్నాను. స్టూడియో మళ్లీ తెరిచినా ఆ 6.1, ఆ బీపీ మీతోనే వస్తాయి.

బీపీకి ఒక్క రీడింగు చూసి మందు మొదలుపెట్టం, అలాగని వదిలేయం. చేతికి కట్టుకునే డిజిటల్ మిషన్ ఒకటి కొనండి. మణికట్టుకు పెట్టుకునేది వద్దు, మోచేతి పైన కట్టేదే తీసుకోండి. టీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. పొద్దున, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు, వారం రోజులు చూసి కాగితం మీద రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తాం. ఇంట్లో సగటు 135/85 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మీకు బీపీ ఉన్నట్టే. అప్పుడు మందు అవసరమా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. 6.1 మాత్రం షుగర్ వ్యాధి కాదు, దానికి ముందు మెట్టు. 5.7 నుంచి 6.4 దాకా ఆ మెట్టే. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. మన దక్షిణాది వాళ్ల మీద చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండిలో మార్పులు, రోజూ అరగంట నడకతో సుమారు మూడేళ్లలో షుగర్‌గా మారే ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గింది.

ఇప్పుడు నిద్ర. మీ కష్టంలో సగం ఇక్కడే ఉంది. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఒంటికి ఒక పద్ధతి అలవాటై ఉంటుంది. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే అర్ధరాత్రి ముహూర్తాలు, మండపంలోనే తెల్లారడం, మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకోవడం. ఆషాఢంలో, మూఢంలో ఒంటికి కాస్త తెరిపి. అన్నేళ్లు అలా నడిచిన శరీరానికి ఇప్పుడు ఏడాదంతా రోజూ 8.30 పంచ్ అంటున్నారు. ఒంట్లోని గడియారం అంత త్వరగా మారదు. దానికి తోడు మీరు రాత్రి ఒంటిగంట దాకా స్క్రీన్ ముందు ఆల్బమ్ డిజైన్ చేస్తున్నారు. 8.30కి పంచ్ కొట్టాలంటే ఏడింటికల్లా లేవాలి. ఒంటిగంటన్నరకు నిద్రపట్టినా అయిదున్నర గంటలే, పట్టకపోతే నాలుగే. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైతే బీపీ పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది, ఆకలి ఎక్కువవుతుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. మీరు ఇప్పుడు రెండు ఉద్యోగాలు చేస్తున్నారు, ఏ ఒళ్లూ దీన్ని ఎక్కువ రోజులు తట్టుకోదు.

అప్పు ఉందన్న మాట నేను తేలిగ్గా తీసుకోను. ఆల్బమ్ పని పూర్తిగా మానేయమని కూడా అనను. వారంలో రెండు రోజులు మాత్రమే, అదీ రాత్రి 9.30 దాటకుండా చేయండి. కొత్త ఆర్డర్లకు తేదీ కాస్త ఆలస్యంగా చెప్పండి, పాత కస్టమర్లు ఒప్పుకుంటారు. మూలన పడి ఉన్న లైట్లు, వాడని లెన్సులు ఏవైనా ఉంటే ధర ఇంకా పడిపోకముందే అమ్మి అప్పులో కొంత తీర్చే వీలుందేమో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మీకు ఇష్టమైన ఒక్క కెమెరా మాత్రం ఉంచుకోండి. ఆదివారంతో సహా రోజూ ఒకే సమయానికి లేవండి. లేవగానే అరగంట ఎండలో నడవండి, పొద్దుటి వెలుతురే గడియారాన్ని ముందుకు జరుపుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత టీ వద్దు. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కండి.

ఆల్‌ప్రాజోలం గురించి గట్టిగానే చెప్పాలి. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. మీకు చేతికి ఇచ్చేశారు. కొన్ని వారాల్లోనే ఇది అలవాటుగా మారుతుంది, తర్వాత అదే డోసుకు నిద్ర రాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదొకటి. ఆ కల్లు దొరకని రోజుల్లో వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఎలా వచ్చారో మా వృత్తిలో అందరికీ తెలుసు. మీది చిన్న డోసే, భయపడొద్దు. కానీ మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నారు కాబట్టి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. డాక్టర్ చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించి మానేయాలి. మద్యం తాగే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ మాత్రతో కలిపి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. నిద్ర కోసమని ఒక పెగ్గు వేసుకున్నా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది.

ఆదివారం దడ ఎందుకో చెబుతాను. నిన్నటిదాకా ఏ ఆర్డర్ ఒప్పుకోవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు షట్టర్ దించాలో మీ ఇష్టం. ఇప్పుడు అన్నీ ఎవరో చెబుతారు. మన చేతిలో ఏమీ లేదనిపించినప్పుడు శరీరం దాన్ని ఆపదగానే తీసుకుని అడ్రినలిన్ వదులుతుంది. గుండె కొట్టుకోవడం, ఛాతీ బిగుసుకోవడం అందుకే. ఇది మనసు బలహీనత కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. పెద్ద బాధ్యతలున్న అధికారులకన్నా కింది గ్రేడు ఉద్యోగులే గుండె జబ్బుతో ఎక్కువగా చనిపోతున్నారని అందులో తేలింది. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, పని మీద తమకు పట్టు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణంగా కనిపించింది. అందుకే నేను మిమ్మల్ని సర్దుకుపొమ్మని మాత్రమే చెప్పి ఊరుకోను. ఆఫీసులో మీ చేతిలోకి తెచ్చుకోగలిగినవి ఒకటి రెండు వెతకండి. రోజూ ఏ షూట్ ముందు, ఏది తర్వాత అన్నది మీకే వదిలేయమని అడగొచ్చు. షిఫ్ట్ 9.30కి మార్చే వీలుందేమో అడగొచ్చు. లైటింగ్ విషయంలో మీ అనుభవం వాళ్లకు పనికొస్తుంది, ఆ మాట మీరే ముందుగా కదపండి.

ఆ 27 ఏళ్ల అబ్బాయి సంగతి. చాలా ఆఫీసుల్లో ఇప్పుడు పేరు పెట్టి, పక్కన గారు చేర్చి పిలుచుకుంటున్నారు. అలా పిలవండి, మీ గౌరవానికీ లోటు లేదు, ఆయన గౌరవానికీ లోటు లేదు. అసలు బాధ ఆ పిలుపులో లేదని నాకనిపిస్తోంది. ఊళ్లో ఎన్నో ఇళ్ల గోడల మీద మీరు తీసిన పెళ్లి ఫొటోలు ఉండి ఉంటాయి. ఆ బోర్డు దించిన దుఃఖం మీకు ఉంది, దాన్ని ఎవరితోనూ పంచుకున్నట్టు లేదు. మీ ఆవిడతో మాట్లాడండి. ఇలాంటి మార్పు తర్వాత వచ్చే దిగులు చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉన్నా, కెమెరా పట్టుకున్నా ఏ ఇష్టమూ కలగకపోయినా, బతకడం దండగ అనిపించినా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆదివారం ఆఖరి బస్సు మానేసి మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరండి. పిల్లలతో కొన్ని గంటలు తగ్గుతాయి, నిజమే, కానీ సోమవారం పొద్దున మీరు నిద్ర తీరిన మనిషిగా లేస్తారు. దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, అయిదు నిమిషాలు. టెన్షన్ దడ అయితే సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి దిగిపోతుంది.

తిండి గురించి క్లుప్తంగా. రూమ్‌లో అన్నం వండుకుని కర్రీ పాయింట్ కూర తెచ్చుకుంటున్నారనుకుంటాను. వాటిలో ఉప్పు, నూనె ఎక్కువ. కనీసం రాత్రిపూట పప్పు, గుడ్డు మీరే చేసుకోండి, పచ్చడి, అప్పడం తగ్గించండి. రోజుకు మొత్తం ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడవండి. గంటకోసారి కుర్చీలోంచి లేవండి, మెడ నొప్పి రాకుండా కూడా అదే మందు.

ఇంకొక మాట. మీ జీతం 21 వేల లోపే కాబట్టి, పది మంది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే కంపెనీ అయితే మీకు ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండాలి. పే స్లిప్ చూడండి, 0.75 శాతం చొప్పున నెలకు సుమారు 150 రూపాయలు కట్ అవుతుంటుంది. డబ్బు కడుతూ కూడా చాలామంది కార్డు తీసుకోరు. హెచ్ఆర్ వాళ్లను అడిగి మీ ఐపీ నంబరు (బీమా నంబరు), ఈ-పెహచాన్ కార్డు తీసుకోండి. నేను చెప్పిన పరీక్షలు, బీపీ మందులు అందులో ఖర్చు లేకుండా వస్తాయి. మీకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గరే. కరీంనగర్‌లో ఉన్న మీ ఆవిడ, పిల్లల పేర్లు కూడా చేర్పించండి. స్టూడియో రోజుల్లో మీకు ఈ ఆసరా లేదు.

ఇక ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న. నిద్ర లేని మనిషి ఇంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు, ఇప్పుడైతే వద్దనే అంటాను. నిద్ర, బీపీ, ఆ మాత్ర మానడం, ఈ మూడింటి మీద రెండు నెలలు పెట్టండి. ఆ తర్వాత కూడా సోమవారం తలుచుకుంటే ఒళ్లు వణుకుతుంటే, మీరు వేరే ఉద్యోగం చూసుకున్నా, అప్పు తగ్గాక ఊళ్లో చిన్నగా మళ్లీ మొదలుపెట్టినా నేను కాదనను. హెచ్‌బీఏ1సీ మాత్రం వచ్చే నెలలోపు మళ్లీ చేయించండి, పరగడుపు షుగర్‌తో కలిపి. వారం రోజుల బీపీ కాగితం, వాడుతున్న మాత్రల స్ట్రిప్, పాత ఈసీజీ తీసుకుని, ఆ వారం పూర్తవగానే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. బీపీ 180/110 దాటి కనిపిస్తే మాత్రం వారం పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ రోజే వెళ్లాలి.