గాలి బోర్డు కన్నా ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. నా వయసు 32. ఒక ప్రైవేటు సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం నెలకు 58,000 రూపాయలు. భార్య, మూడేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. అద్దె, సరుకులు, పాప బడి, అమ్మ మందులు కలిపి 41,000 అవుతాయి. బండి వాయిదా 4,200 ఇంకా ఏడు నెలలు, ఫోను వాయిదా 2,100 ఇంకా నాలుగు నెలలు కట్టాలి. మా వీధిలో వేసిన లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను, 20 నెలల్లో 8 పూర్తయ్యాయి. బ్యాంకులో 36,000 ఉన్నాయి. సంస్థ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమాలో అమ్మ లేరు. గత జూన్‌లో జీతం 20 రోజులు ఆలస్యమైతే క్రెడిట్ కార్డుతో ఇల్లు గడిపి, ఆ 31,000 బిల్లును మూడు నెలల్లో తీర్చాను. ఈ ఏడాదిలో మూడుసార్లు రుషికొండలో గంటకు 600 అద్దె ఇచ్చి స్టాండప్ పాడిల్‌బోర్డు (నీటి మీద నిలబడి తెడ్డుతో నడిపే పలక) నడిపాను, ఎంతో నచ్చింది. గాలి నింపుకునే బోర్డు, తెడ్డు, పంపు, సంచి కలిపి 48,000కు దొరుకుతోంది, నగదుకు 3,000 తగ్గిస్తామంటున్నారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో కొనాలా, ఈ నెల 20న చీటీ పాడి కొనాలా (ఇప్పుడు పాడితే 78,000 వస్తాయి), లేక లోన్ యాప్‌లో తీసుకోవాలా? ఆదివారాలు బోర్డును అద్దెకిస్తే పెట్టుబడి తిరిగి వస్తుందని మిత్రులు చెబుతున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో మూడు రకాల అప్పుల గురించి అడిగారు గానీ, అసలు ఈ వస్తువును ఇప్పుడు కొనవచ్చా అని ఎక్కడా అడగలేదు. నాకు వచ్చే ఉత్తరాలలో చాలా వాటిలో ఇదే పొరపాటు కనిపిస్తుంది కాబట్టి, మీకు విడిగా రాయకుండా అందరూ చదివేలా జవాబిస్తున్నాను. జీతంలోంచి ఇంటి ఖర్చు, వాయిదాలు, చీటీ పోగా నెలాఖరుకు చేతిలో 5,700 మిగులుతున్నాయి, వాయిదా 4,000 మాత్రమే, కనుక కొనే స్తోమత ఉంది అన్నది మీ లెక్క. మిగులును స్తోమతగా లెక్కపెట్టడం దగ్గరే తప్పు జరిగింది. ఇప్పుడు కొనవద్దు అన్నదే నా సలహా.

మీ పరిస్థితిని ఆ 5,700 చెప్పదు, గత జూన్ నెల చెబుతుంది. ఇంటి ఖర్చు 41,000కు రెండు వాయిదాలు కలిపితే నెలకు తప్పనిసరిగా పోయేది 47,300. బ్యాంకులో ఉన్న 36,000 మీ కుటుంబాన్ని దాదాపు 23 రోజులు నడపగలవు. జీతం ఇప్పటికే ఒకసారి 20 రోజులు ఆలస్యమైంది. కాంట్రాక్టు ఉద్యోగంలో ఒకసారి జరిగినది మరోసారి జరగదని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఆ జూన్‌లో మీరు కార్డు బిల్లును పూర్తిగా కట్టకుండా మూడు నెలలు లాగారు. సాధారణంగా కార్డుల మీద పడే నెలకు 3.5 శాతం వడ్డీ ఏడాదికి 42 శాతం అవుతుంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది, పైగా పాత బాకీ పూర్తిగా తీరేవరకు కొత్తగా కొన్న ప్రతి సరుకుకూ గడువు లేకుండా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అంటే పాప పాల ప్యాకెట్టు కూడా అప్పట్లో మీకు వడ్డీతో కలిపే వచ్చింది. దానిని మీరు ఒక్క వాక్యంలో, గడిచిపోయిన విషయంగా రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే.

ఈ నగరంలోనే ఉన్నారు కాబట్టి 2014 అక్టోబర్ 12 మీకు గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తర్వాత మా ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు మూగబోయాయి, కార్డు గీసే యంత్రాలు పనిచేయలేదు. మా వీధి చివరి కిరాణా కొట్టులో కొవ్వొత్తులు, బియ్యం, మంచినీళ్ల డబ్బా ఏది కావాలన్నా నోటు చేతిలో పెడితేనే ఇచ్చారు. మంచి జీతాలు తీసుకునే వారు కూడా ఇంట్లో 500 రూపాయలు లేక ఆ కొట్టు అరుగు మీద నిలబడి పక్కవారిని అడగడం నేను చూశాను. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబానికీ ముందుగా ఒక్కటే చెబుతున్నాను: ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా పక్కన చేరే వరకు మరే కొనుగోలూ, మరే పెట్టుబడీ వద్దు, అందులో కొంత ఇంట్లో నగదుగా ఉండాలి. ఇప్పటి మీ ఖర్చుకు ఆ నిధి 2,83,800 కావాలి. వాయిదాలు తీరిపోయాక 2,46,000 సరిపోతుంది. మీ దగ్గర ఉన్నది ఆ 2,83,800లో ఏడో వంతు కూడా కాదు. మీరు ఒక్కరే సంపాదిస్తున్నారు, ఇంట్లో ముగ్గురు మీ మీద ఆధారపడి ఉన్నారు, ఉద్యోగం కాంట్రాక్టుది. ఇటువంటి ఇంటికి మూడు నెలల నిధి చాలని చెప్పేవారి మాట వినకండి.

ఇక మీరు అడిగిన అప్పుల సంగతి. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకపోవడమన్నది లేదు. బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అమ్మేవారు అంత మొత్తాన్ని ధరలో తగ్గించినట్లు చూపుతారు. వడ్డీ 15 శాతమనుకుంటే, 48,000 మీద 12 నెలలకు అది దాదాపు 3,680 అవుతుంది, దాని మీద జీఎస్టీ సుమారు 660 మీ నెత్తిన పడుతుంది, ప్రాసెసింగ్ రుసుము వేరు. నగదుకు ఇస్తామన్న 3,000 తగ్గింపు కూడా పోతుంది. ఈ మొత్తం పెద్దది కాదని నేనూ ఒప్పుకుంటాను. అసలు చిక్కు వేరే ఉంది. వాయిదా పోగా మీకు ఇప్పుడు నెలకు 1,700 మిగులుతాయి, అత్యవసర నిధి ఏడాదిపాటు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, మధ్యలో మరో జూన్ వస్తే ఈ 4,000 కూడా 42 శాతం వడ్డీ కిందికి చేరుతుంది.

చీటీ పాడాలన్న ఆలోచన ఇంతకన్నా నష్టం. చివరి వరకు ఆగితే వచ్చే లక్షకు బదులు 78,000 తీసుకుని, 45,000 విలువ చేసే వస్తువు కోసం 22,000 వదులుకుంటున్నారు. ఆపైన 12 నెలల వాయిదాలు ఇక పొదుపు కావు, అప్పు తీర్చడమే. వీధిలో నోటిమాట మీద నడిచే చీటీకి చట్టం రక్షణ ఉండదని కూడా గుర్తుంచుకోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైన చీటీలకే ఆ రక్షణ. ఇప్పటిది పూర్తయ్యాక నమోదు కాని వీధి చీటీలో మళ్లీ చేరకండి. లోన్ యాప్ గురించి చర్చించడానికే నాకు మనసొప్పడం లేదు. మూడేళ్ల పాప ఉన్న ఇంటి పెద్ద, నీటి మీద ఆడుకునే వస్తువు కోసం తన ఫోనులోని పరిచయాల జాబితాను, ఫొటోలను ఎవరో తెలియని వారి చేతిలో పెట్టడం ఏమిటి? ఫోనులో ఆ యాప్ ఇప్పటికే ఉంటే, ఈ జవాబు చదవడం ఆపి, ముందు దానిని తీసివేయండి.

బోర్డు గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ వస్తువు ఖర్చు ధర దగ్గర ఆగదు. రెండు పీవీసీ పొరల మధ్య వేలాది దారాలు కుట్టి ఉండటం వల్ల, 12 నుంచి 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) వరకు గాలి కొడితే అది చెక్కలా బిగుసుకుంటుంది. చేతి పంపుతో ఆ చివరి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కించడానికి చెమటలు పడతాయి. చుట్టి సంచిలో పెడితే తెడ్డు, పంపుతో కలిపి 12 కిలోలు దాటే మూట అవుతుంది. దానిని బండి మీద పెట్టుకుని గాజువాక నుంచి రుషికొండకు నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి రావాలి. తిరిగి వచ్చాక ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. అద్దె ఇంట్లో పదడుగుల బోర్డును ఎక్కడ ఆరబెడతారో కొలిచి చూసుకున్నారా? నా దగ్గరకు వచ్చే ఒకరు తమ బోర్డును తడిగానే చుట్టి అటక మీద పెట్టారు. నాలుగు నెలల తర్వాత సంచి విప్పితే బోర్డు మీదంతా నల్లని బూజు మచ్చలు, కవాటం చుట్టూ ఉప్పు పేరుకుని ఉన్నాయి. గాలి నింపిన బోర్డును ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోయే ప్రమాదం ఉంది. కాలికి కట్టుకునే తాడు, లైఫ్ జాకెట్ మీరు చెప్పిన ధరలో ఉన్నాయో లేదో కూడా రాయలేదు.

మీ అద్దె లెక్కనే తీసుకుందాం. గంటకు 600 చొప్పున 48,000 అంటే 80 గంటలు. ఏడాదిలో మీరు వెళ్లింది మూడుసార్లు. సొంత బోర్డు ఉంటే తరచుగా వెళతారని, నెలకు రెండు గంటలు నడుపుతారని ఒప్పుకున్నా, ధర రాబట్టడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. అక్టోబర్, నవంబర్ తుఫాను రోజులను, గాలి వాటు బాగాలేని ఆదివారాలను తీసివేస్తే ఇంకా ఎక్కువ. రుషికొండలో అద్దెకు తీసుకున్నప్పుడు ఆ 600లో అలను చదవగలిగే మనిషి ఒడ్డున ఉండటం కూడా కలిసి ఉంది. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రతి ఏటా ప్రాణాలు తీస్తున్నాయి కాబట్టి, ఆ మనిషి విలువను నేను తక్కువగా చూడలేను. ఇదే కారణంగా బోర్డును ఇతరులకు అద్దెకివ్వాలన్న ఆలోచన పూర్తిగా మానండి. అనుమతి, శిక్షణ పొందిన మనిషి, బీమా ఏవీ లేకుండా ఈత రాని పిల్లవాడిని ఎక్కించి, జరగరానిది జరిగితే ఆ భారాన్ని మీ కుటుంబం జీవితాంతం మోయలేదు. అద్దె వస్తుందన్న ఆశతో ఆట వస్తువును పెట్టుబడి అని పిలవడం నేను చాలా చోట్ల చూస్తున్నాను.

బీమా విషయం క్లుప్తంగా. మీకు టర్మ్ పాలసీ (సంపాదించే మనిషి చనిపోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) ఉన్నట్లు రాయలేదు. లేకపోతే బోర్డు కన్నా, నిధి కన్నా ముందే ఈ నెలలోనే తీసుకోండి. అమ్మగారికి విడిగా ఆరోగ్య బీమా కావాలి, ఎందుకంటే సంస్థ ఇచ్చినదానిలో ఆవిడ లేరు, ఉద్యోగం పోతే అదీ పోతుంది. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. సాహస క్రీడల మినహాయింపు ఆరోగ్య బీమాలో వాటిని వృత్తిగా చేసేవారికే ఉంటుంది, ప్రమాద బీమాలో మాత్రం షరతులు వేరుగా ఉండవచ్చు కనుక సంతకానికి ముందు ఆ పేజీ చదవండి.

ఇప్పుడు నెలకు మిగిలే 5,700ను జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి. నాలుగు నెలలకు ఫోను వాయిదా తీరితే అది 7,800, ఏడు నెలలకు బండిది తీరితే 12,000 అవుతుంది. ఉన్న 36,000తో కలిపి 12 నెలలకు 1,42,200 చేరతాయి. చీటీ చివరి వరకు నిలిస్తే ఆ లక్షతో 2,42,200, అంటే ఆరు నెలల ఖర్చుకు దాదాపు అంచున ఉంటారు. బీమా ప్రీమియంలు ఇందులోంచే కట్టాలి కాబట్టి మరో రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ తర్వాత చీటీ వాయిదా కూడా మిగులుతుంది, నెలకు 17,000 చేతిలో ఉంటాయి, మూడు నెలల్లో నగదుతో, తగ్గింపు ధరకే బోర్డు కొనవచ్చు. అప్పుడు నేను వద్దనను. ఈలోగా నెలకు ఒకసారి 600 ఇచ్చి రుషికొండలోనే నడపండి, ఆ ఖర్చును నేను ఆపమనడం లేదు. వాడిన బోర్డు చౌకగా దొరికినా, మిత్రుడితో సగం సగం పంచుకున్నా, నిధి పూర్తయ్యే వరకు ఆగండి.

ఈ నెల 20న చీటీ దగ్గరకు మామూలుగానే వెళ్లండి, వాయిదా కట్టి రండి, పాట మాత్రం పాడకండి.