కరీంనగర్‌లో ముప్పై నిమిషాల ఆట

ఫుట్‌బాల్‌లో ఇప్పుడిప్పుడే పైకొస్తున్న దేశం గట్టి దేశంగా తయారవ్వాలంటే ఏం చేయాలి అని అడిగారు. స్టేడియాలు కట్టాలనీ, విదేశీ కోచ్‌ని తేవాలనీ, కార్పొరేట్ డబ్బు రావాలనీ చాలామంది చెప్తారు. నా జవాబు ఒక్క ముక్కలో చెప్తాను: పదేళ్ల పిల్లాడికి వారానికో మ్యాచ్ దొరకాలి. మిగతావన్నీ దాని తర్వాతే. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, 2018లో కరీంనగర్ నుంచి తిరిగొస్తుంటే హుజూరాబాద్ దగ్గర మిర్చి బజ్జీలు తింటూ తెలిసింది.

నేను కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. కోచ్‌ని కాను, నా దగ్గర ఏ లైసెన్సూ లేదు. రైల్వే కాలనీలో పెరిగినవాణ్ని కాబట్టి చిన్నప్పటి నుంచి ఆడాను. మోకాలు మొరాయించాక పొద్దున పూట పిల్లల్ని ఆడించడం మొదలుపెట్టాను. కాజీపేట, సోమిడి, మడికొండ పిల్లలు. ఎక్కువమంది ఆటో డ్రైవర్ల కొడుకులు, తాపీ మేస్త్రీల కొడుకులు.

ఆ ఏడు కరీంనగర్‌లో అండర్-14 టోర్నమెంట్ అంటే డ్యూటీకి సెలవు పెట్టి, పద్నాలుగు మందిని ఒక తుఫాన్ బండిలో కుక్కి తీసుకుపోయాను. పొద్దున ఐదున్నరకు బయల్దేరాం. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్ దాటి ఎనిమిదికల్లా చేరాం. ఒకడి తల్లి అందరికీ సరిపోయేంత పులిహోర కట్టించింది. స్టడ్స్ ఉన్న షూస్ మొత్తం జట్టుకి ఐదు జతలు. సబ్‌స్టిట్యూట్ లోపలికి పోవాలంటే బయటికి వచ్చినవాడు లైన్ దగ్గర కూర్చుని షూస్ విప్పి ఇవ్వాలి.

మా మ్యాచ్ తొమ్మిదిన్నరకు అన్నారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చారు. అంతసేపూ పదహారు జట్ల పిల్లలు ఎండలో వరుసలు కట్టి నిలబడ్డారు. తర్వాత దీపం, శాలువాలు, పూలబొకేలు. నలుగురు మాట్లాడారు, నలుగురూ క్రీడల వల్ల క్రమశిక్షణ అలవడుతుందన్నారు. మూడు గంటలు ఆలస్యంగా వచ్చిన మనిషి కూడా అదే అన్నారు. చివరికి ఆయన బంతిని తన్ని ప్రారంభించారు, బంతి ఒక దిక్కు పోతే చెప్పు ఇంకో దిక్కు పోయింది. ఆ రోజు పిల్లలు మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

టైం లేదు కాబట్టి మ్యాచ్‌లు కుదించారు. ఇటు పదిహేను నిమిషాలు, అటు పదిహేను. ఎదుటి జట్టు కెప్టెన్‌కి మీసాలు వచ్చేశాయి. వాడి బర్త్ సర్టిఫికెట్ ఏం చెప్పిందో వాడి దేవుడికే తెలియాలి. వయసు తగ్గించి ఆడించడం మన దగ్గర పెద్ద రోగం, దాని మీద మొదలుపెడితే ఈ జవాబు ఇక్కడితో ఆగదు. అయినా మావాళ్లు ఇరవై ఐదు నిమిషాలు గోల్ పడనివ్వలేదు. ముందు వారమే ఆ గ్రౌండ్‌లో ఏదో సభ జరిగిందట, పందిరి గుంజలు పాతిన గుంతలు పూడ్చకుండా అట్లాగే వదిలేశారు. మెల్లగా దొర్లుకుంటూ వస్తున్న బంతి ఒక గుంత అంచుకు తగిలి లేచి, మా కీపర్ చేతుల మీదుగా లోపలికి పోయింది. 1-0. ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది.

తిరుగు దారిలో హుజూరాబాద్‌లో బండి ఆపించాను. ఆ కీపర్ బజ్జీ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, మల్ల మ్యాచ్ ఎప్పుడు?"

"వచ్చే యేడు రా."

వాడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "వచ్చే యేటికి నాకు ఏజ్ దాటిపోతది గద సార్?"

దాటిపోతుంది. నిజమే. ఏం చెప్పాలో తెలియక ఇంకో ప్లేటు బజ్జీ ఆర్డర్ ఇచ్చాను.

రాత్రి ఇంటికొచ్చి లెక్కేశాను. బండి కిరాయి మూడున్నర వేలు, ఆడింది ముప్పై నిమిషాలు. నిమిషానికి నూట పదహారు రూపాయలు, పెళ్లిలో చదివింపుల లెక్క. డబ్బు సంగతి పోనీయండి. పదహారు జట్లతో నాకౌట్ పెడితే, అంటే ఓడినవాడు ఇంటికే అనే పద్ధతి పెడితే, మొత్తం పదిహేను మ్యాచ్‌లు. ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తో ఇంటికి. నాలుగు మ్యాచ్‌లు ఆడేది రెండే రెండు జట్లు, అవీ ఎక్కువగా మీసాలు వచ్చినవే. ఓడినవాడికే ఇంకా ఎక్కువ ఆట కావాలి, వాణ్నే అందరికంటే ముందు బండెక్కిస్తాం. లెక్కల్లో ఫెయిలైన పిల్లాణ్ని ఇక ఈ ఏడాది లెక్కల క్లాసుకు రావద్దంటే ఎట్లుంటుంది?

ఇది మా జిల్లాల గొడవ అనుకోకండి. మన దేశపు ఫుట్‌బాల్ మొత్తం ఇట్లాంటి నాకౌట్ కప్పుల మీద పెరిగింది. డ్యూరాండ్ కప్ 1888లో, రోవర్స్ కప్ 1891లో మొదలయ్యాయి. లీగ్ అంటే గెలిచినా ఓడినా ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడేది. కలకత్తా లాంటి చోట్ల నగరం లీగ్‌లు ఉండేవి కానీ, దేశం మొత్తానికి ఒక లీగ్ అంటూ వచ్చింది 1996లో. అంటే డ్యూరాండ్ పుట్టిన నూట ఎనిమిదేళ్లకు!

ఇప్పుడు జపాన్ కథ వినండి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనం జపాన్‌ని 2-0తో ఓడించాం. ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి గోల్డ్ తెచ్చుకున్నాం. అప్పటికి జపాన్‌లో డెట్మార్ క్రామర్ అనే జర్మన్ కోచ్ ఉన్నాడు, 1964 టోక్యో ఒలింపిక్స్ కోసం పిలిపించారు. ఆ ఒలింపిక్స్‌లో జపాన్ అర్జెంటీనాని ఓడించింది. అయినా ఆయన పోతూ పోతూ చెప్పిన వాటిలో ముఖ్యమైనది, నాకౌట్ కప్పులతో లాభం లేదు, లీగ్ పెట్టుకోండి అని. వాళ్లు విన్నారు. 1965లో ఎనిమిది జట్లతో లీగ్ మొదలైంది. అవన్నీ ఉక్కు ఫ్యాక్టరీ, కార్ల కంపెనీ, బ్యాంకు లాంటి సంస్థల జట్లు, మన రైల్వే జట్టు, సింగరేణి జట్టు లాంటివే. ఒక్కో జట్టుకి ఏడాదికి పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఖాయం, గెలిచినా ఓడినా. మూడేళ్లు తిరిగేసరికి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్‌కి కాంస్యం. ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్లూ వెనకబడ్డారు, అదీ ఒప్పుకోవాలి. 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టారు, 1998లో మొదటిసారి ప్రపంచ కప్ ఆడారు. 2022లో జర్మనీని, స్పెయిన్‌ని ఒకే టోర్నీలో ఓడించారు. కొరియా 1983లో లీగ్ పెట్టింది, 1986 నుంచి ఒక్క ప్రపంచ కప్ కూడా తప్పలేదు. మనం 2025 నవంబర్లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడాం. 2027 ఆసియా కప్‌కి కూడా లేం.

ఒక్క లీగ్‌తోనే ఇదంతా అయిందా అని అడిగేవాళ్లుంటారు. నన్నడిగితే ముప్పాతిక భాగం లీగే.

మనవాళ్లకు ఇది తెలియదా అంటే, తెలిసిన మనిషి మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. మన దేశపు జట్టుకి కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. జకార్తా గోల్డ్ ఆయనదే, 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ గోల్డ్ ఆయనదే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ ఆయనదే. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. వృత్తి రీత్యా బడి పంతులు. పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే మ్యాచ్‌లు, ఎడమకాలు బలహీనంగా ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడే మ్యాచ్‌లు పెట్టించేవాడు. అంటే నేర్పాల్సింది కూడా మ్యాచ్ రూపంలోనే నేర్పాడు. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం, వీళ్లంతా హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లోంచి వచ్చినవాళ్లు. 1963లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. ఆయన పద్ధతీ ఆయనతోనే పోయింది. ఇవ్వాళ మన బడుల్లో పీఈటీ సార్ పరిస్థితి చూడండి: మధ్యాహ్న భోజనం లైను ఆయనే చూడాలి, ఆగస్టు పదిహేనుకు తాళ్లు, జెండాలు ఆయనే కట్టాలి, లెక్కల సార్ రాకపోతే పిల్లల్ని అరవకుండా కూర్చోబెట్టాలి. స్పోర్ట్స్ గదిలో బంతికి గాలి ఉండదు, గాలి పంపుకి సూది ఉండదు.

అది కూడా ఉన్న బడుల్లో మాట. హనుమకొండలో నాలుగంతస్తుల బిల్డింగుల్లో నడిచే కాలేజీలు చూస్తాను, బ్రోచర్ మీద మాత్రం పచ్చటి గ్రౌండ్ బొమ్మ ఉంటుంది. గడ్డి ఎక్కడుంది సార్ అంటే ఎంసెట్ ర్యాంకుల ఫ్లెక్సీ చూపిస్తారు. టర్ఫ్‌లు, అంటే అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి గ్రౌండ్‌లు, వచ్చాయి కదా అంటారు. గంటకు అన్ని వందలు కట్టి ఆడేది ఉద్యోగస్తులు, అదీ ఎక్కువగా క్రికెట్. సోమిడి ఆటో డ్రైవర్ కొడుకు వల బయట నిలబడి చూస్తాడు.

డబ్బు పోస్తే అవుతుందనేవాళ్లు చైనాని చూడాలి. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్లని కోట్లు పోసి తెచ్చుకున్నారు. 2020లో లీగ్ గెలిచిన జియాంగ్సు క్లబ్ 2021 మొదట్లో మూతపడింది. ప్రపంచ కప్ ఆడింది ఒక్క 2002లో. స్టార్ వస్తే పిల్లలు ఉత్సాహపడతారు అంటారు. 2025 డిసెంబర్లో మెస్సీ ఉప్పల్ వచ్చి వెళ్లాడు. మా వాళ్లందరూ ఫోన్లో చూశారు, సంతోషం. మర్నాడు ఆదివారం, నా గ్రౌండ్‌కి వచ్చింది ఎప్పటి పదకొండు మందే.

ఇంకొందరు 140 కోట్లలో పదకొండు మంది దొరకరా అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జనాభా లెక్కలో ఉన్నవాడు ఫుట్‌బాల్ ఆడడు, ఆడేవాడే ఆడతాడు. ఐస్‌లాండ్ జనాభా ఇంచుమించు మన నిజామాబాద్ టౌన్ అంత. ఏడాదిలో సగం మంచు. వాళ్లు ఇండోర్ హాళ్లు కట్టి చలికాలంలోనూ పిల్లల ఆట ఆగకుండా చూశారు, చిన్న పిల్లలకు కూడా లైసెన్స్ ఉన్న కోచ్‌లనే పెట్టారు. 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ని 2-1తో ఇంటికి పంపారు. అప్పటి ఇద్దరు కోచ్‌లలో ఒకాయన పళ్ల డాక్టర్. వాళ్లకి మంచు అడ్డం, మనకి మే నెల ఎండ అడ్డం. ఎండకి హాలు కూడా అక్కర్లేదు, పొద్దున ఆరింటికి లేస్తే చాలు.

కరీబియన్ సముద్రంలో కురసావ్ అనే చిన్న దీవి సంగతి చూడండి. లక్షన్నర జనం, కరీంనగర్ అంత కూడా ఉండరు, 2026 ప్రపంచ కప్‌కి వెళ్లారు. ఆ జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్లు కదా, అది మోసం అని మా షెడ్ మిత్రుడొకడు వాదించాడు. మోసమో కాదో గానీ, నా మాటకు అదే సాక్ష్యం. నెదర్లాండ్స్‌లో ఆరేళ్ల పిల్లాడికి కూడా శనివారం వస్తే మ్యాచ్ ఉంటుంది. మొరాకో కూడా సగం యూరప్‌లో పెరిగినవాళ్లతో, సొంత అకాడమీలో తయారైన కొందరితో 2022 ప్రపంచ కప్‌లో సెమీస్ దాకా పోయింది.

మన దగ్గర ఆశ లేదా అంటే ఉంది, అదీ ఆడపిల్లల్లో. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది, 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. అదే ఏడాది మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే ఓడించి ఆసియా కప్‌కి అర్హత సంపాదించింది. ఆ అమ్మాయి పేరు మా కాలనీలో ఎంతమందికి తెలుసని అడిగి చూశాను. ఇద్దరు. ఒకరు మా ఆవిడే, నేను చెప్పగా విని.

కరీంనగర్ నుంచి వచ్చిన నెలకు నేను సొంతంగా ఒక ఆదివారం లీగ్ పెట్టాను. ఆరు జట్లు, జట్టుకి ఏడుగురు, సగం గ్రౌండే చాలు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి, అంటే జట్టుకి పది మ్యాచ్‌లు, మొత్తం ముప్పై. గోల్ పోస్టులకి ఇటుకలు, లైన్లకి సున్నం, రెండు బంతులు. ఖర్చు ఆ కరీంనగర్ బండి కిరాయి కంటే తక్కువే అయింది. వయసు లెక్క సర్టిఫికెట్‌తో కాదు, ఎత్తుతో: గోడ మీద గీత గీశాను, గీత దాటినవాడు పెద్దవాళ్ల జట్టులోకి. ఆ కీపర్ గీతకు రెండు వేళ్లు తక్కువ ఉన్నాడు కాబట్టి ఆ సీజన్ మొత్తం ఆడాడు. మొదటి మూడు మ్యాచ్‌లలో పదకొండు గోల్స్ తిన్నాడు. చివరి మూడింట్లో రెండు.

2020లో కరోనాతో ఆగిపోయింది. తర్వాత గ్రౌండ్‌లో ఒకసారి ఎగ్జిబిషన్, ఒకసారి మట్టి కుప్పలు, ఇంకోసారి ఎవరివో సభలు. మొన్న దసరా అయ్యాక మళ్లీ మొదలుపెట్టాను. గుంతలు నేనూ ఇద్దరు పిల్లలూ పార పట్టుకుని పూడ్చాం. ఇప్పటికి నాలుగు జట్లే అయ్యాయి, ఇంకా రెండు కావాలి. కాజీపేట, హనుమకొండ వైపు పది పన్నెండేళ్ల పిల్లలున్నవాళ్లు ఆదివారం ఆరింటికల్లా రైల్వే కాలనీ వైపు తీసుకురండి. ఆడపిల్లలున్నా పంపండి. షూస్ లేకపోయినా పర్లేదు, మా దగ్గర ఇప్పుడు తొమ్మిది జతలున్నాయి.