ఉప్పుగాలికి శ్లాబు పెచ్చులు ఊడుతుంటే సొంతంగా ప్యాచ్ వేసుకోవచ్చా?

అడిగినవారిది మన విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో పాతికేళ్ల ఫ్లాటు. సీలింగ్‌లో రెండు చోట్ల పెచ్చులు ఊడి రాడ్డు బయటపడిందట. ఒక్క పూటలో పుట్టీ పెట్టి రంగు వేసేస్తానని ఒక మేస్త్రీ అన్నాడట. అది మనమే చేసుకోలేమా అని ప్రశ్న.

చేసుకోవచ్చు. ముందు ఆ పుట్టీ మేస్త్రీకి మాత్రం ఓ దణ్ణం పెట్టి పంపించేయండి. ఊడిన పెచ్చు జబ్బు కాదు, లోపల రాడ్డుకి పట్టిన తుప్పు జబ్బు. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం రెండింతల పైనే పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కింద ఉన్న కాంక్రీటు పగిలి రాలుతుంది. తుప్పు అలాగే ఉంచి పైన పుట్టీ పెడితే మళ్ళీ వానాకాలానికి అదే చోట, ఇంకొంచెం పెద్ద ముక్క నెత్తిన పడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చేవాళ్లు మరీ ఘోరం. అది చెమ్మ పీల్చుకుని రాడ్డుని ఇంకా త్వరగా తినేస్తుంది.

మన ఊళ్లో ఇది ఎక్కువ కావడానికి సముద్రం ఒక్కటే కారణం కాదు. సముద్ర తీరంలో, ఉప్పుగాలికి ఎదురుగా ఉన్న కాంక్రీటులో రాడ్డు మీద 45 ఎంఎం కవర్, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని 2000లో సవరించిన ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి భారతీయ ప్రమాణం) చెబుతుంది. పాత అపార్ట్‌మెంట్లలో ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకుల బదులు రాడ్డు కింద కంకర ముక్కలు తోసి శ్లాబు పోసేసేవారు. పెచ్చు ఊడిన చోట స్కేలు పెట్టి చూడండి, 15 ఎంఎం కనపడితే గొప్ప.

పని మొదలుపెట్టే ముందు మూడు సంగతులు. బీమ్, కాలమ్ పగిలితే చెయ్యి పెట్టకండి, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. గోడలోంచి బయటికి వచ్చిన బాల్కనీ, సన్‌షేడ్‌లకి అసలు బలం ఇచ్చే రాడ్లు పైభాగంలో ఉంటాయి కాబట్టి వాటిని పైనుంచి చెక్కడం ప్రాణాంతకం, అది కూడా ఇంజనీరు పనే. మూడోది, పైనుంచి నీళ్లు దిగుతున్నాయేమో తేల్చుకోవాలి. పైన బాత్రూమ్ ఉంటే దాని జాలీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు పట్టి, 24 గంటలు ఉంచితే తేలిపోతుంది. పైఫ్లాటువాళ్లు ఒప్పుకుంటేగా అంటారా? అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సంక్రాంతి ముగ్గుల ఫొటోలకి వచ్చే స్పందన లీకేజీ ఫొటోలకి రాదు. పట్టువదలకుండా అడగాల్సిందే. లీకేజీ ఆపకుండా కింద వేసే ప్యాచ్ డబ్బు దండగ.

ఇక అసలు పని. ఇందులో ముప్పాతిక భాగం చెక్కడమే. చిన్న సుత్తితో సీలింగ్‌ని జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోండి. గట్టి కాంక్రీటు టంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా డబడబమంటుంది. డొల్ల పలికిన మేరా చాక్‌పీస్‌తో గీయండి. కంటికి కనిపించిన గుంతకి రెండు మూడింతలు తేలుతుంది, భయపడొద్దు. గీత బయట గ్రైండర్‌తో చతురస్రంగా 5 నుంచి 10 ఎంఎం లోతు గాటు పెట్టండి. పలుచటి అంచులు నిలవవు, కొత్త మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) అక్కడే మొదట లేస్తుంది. ఆపైన సుత్తి, ఉలితో లోపలిది తీసేయండి. రాడ్డు కింద వైపు కనపడితే సరిపోదు. వెనక్కి వేలు దూరేంత, అంటే 20 ఎంఎం ఖాళీ వచ్చేదాకా చెక్కాలి, ఎందుకంటే రాడ్డు వీపు మీద దాక్కున్న తుప్పు కూడా పోవాలి. పొడవు వైపు కూడా తుప్పు ఆగి శుభ్రమైన ఇనుము తగిలాక ఇంకో నాలుగంగుళాలు పోండి. హెల్మెట్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి, పక్కన ఒక మనిషి ఉండాలి. చెక్కాల్సిన జాగా ఒక చాప పరిచినంత ఉంటే శ్లాబుకి కింద పోట్లు (ఆపు కర్రలు) పెట్టకుండా చెక్కకూడదు, అప్పుడు మేస్త్రీలతోనే చేయించండి.

రాడ్డుని వైర్ బ్రష్ తగిలించిన గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్దండి. బాత్రూమ్ యాసిడ్ పోసి తుప్పు వదిలించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అంటే ఉప్పుగాలిలోని ఏ క్లోరైడ్ వల్ల రాడ్డు పాడైందో దాన్నే మళ్ళీ పోయడం. రుద్దాక వెర్నియర్‌తో మందం కొలవండి. 8 ఎంఎం రాడ్డు 7కి దిగితే దాని కోత వైశాల్యంలో 23 శాతం పోయినట్టు. అక్కడిదాకా వస్తే కొత్త రాడ్డు జత చెయ్యాలి, ఇంజనీరు చూడాలి. తుప్పు తిన్నది అంతకంటే తక్కువైతే జింక్ ప్రైమర్ రెండు కోట్లు వెయ్యండి, అదీ రుద్దిన రోజే. మన గాలికి పొద్దున మెరిసిన రాడ్డు సాయంత్రానికి ఎర్రబడుతుంది.

మాల్ లెక్క ఇదీ. ఒక చదరపు అడుగు, 40 ఎంఎం లోతు గుంతకి 2 కిలోల సిమెంటు, జల్లించిన 6 కిలోల ఇసుక, 400 ఎంఎల్ ఎస్‌బీఆర్ లేటెక్స్ (మాల్ గట్టిగా అతుక్కోవడానికి కలిపే రబ్బరు పాల లాంటి ద్రవం). ముందు అర లీటరు నీళ్లు పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా పొయ్యండి. పిడికిట్లో నొక్కితే ఉండగా నిలవాలి, నీరు కారకూడదు. బీచ్ ఇసుక చచ్చినా వద్దు. తీరం దగ్గర బోరు నీళ్లు చప్పగా లేకపోతే అవీ వద్దు. రాడ్డు ఉండే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే ఐఎస్ 456 లెక్క, కాబట్టి కుళాయి నీళ్లే వాడండి.

గుంతని ముందు తడిపి, నీళ్లు నిలవకుండా తుడిచి, లీటరు లేటెక్స్‌కి కిలోన్నర సిమెంటు చొప్పున కలిపిన పాలు బ్రష్‌తో పుయ్యండి. అది జిగటగా ఉండగానే మాల్ కొట్టాలి, ఆరిపోతే అంటించడానికి పూసిందే ఊడదీస్తుంది. ముందుగా రాడ్డు వెనక వేళ్లతో కూరి, తర్వాత తాపీతో 10 నుంచి 12 ఎంఎం పొరలుగా నొక్కండి. నలభై ఎంఎం ఒక్కసారే దట్టిస్తే బరువుకి కిందికి జారుతుంది. పొర కొంచెం బిగిశాక గీతలు గీసి, మళ్ళీ పాలు పూసి తర్వాతి పొర. కలిపిన మాల్ అరగంటలో వాడేయాలి, అందుకే సగం సగం కలుపుకోండి. ఒకటి రెండు రోజులు తడి చేసి, ఆపై గాలికి వదిలెయ్యండి. రంగు మాత్రం నెల తర్వాతే.

ఈ పని జనవరి నుంచి ఏప్రిల్ మధ్య పెట్టుకోండి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ మన మీద పడింది కూడా 2014 అక్టోబర్ 12నే.

చివరగా, అడగకపోయినా చెబుతాను. సీలింగ్ పట్టుకుని తిరిగే మనం బాల్కనీ మెష్ డోరు స్క్రూలు పట్టించుకోం. అల్యూమినియం ఫ్రేముకి మామూలు ఇనుప స్క్రూ బిగించి వెళ్లిపోతారు. ఉప్పు చెమ్మలో జింకు పూత పోయాక ఇనుము తుప్పై అక్కడే బిగుసుకుంటుంది, దాని చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడైపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే కావాలని అడగండి. షాపులో అయస్కాంతం పెట్టి, అతుక్కోలేదు కదా, ఒరిజినల్ అంటారు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికీ 316 రకానికీ ఆ పరీక్ష తేడా చూపించదు. సముద్రం కనిపించే ఇంటికి కావాల్సింది 316. బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి.