అచ్చు ముచ్చట్లు: పేజ్‌మేకర్ సరిపోతుందా, ఇన్‌డిజైన్ కొనాలా?

ప్రశ్న: సార్, పరకాలలో చిన్న డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) సెంటర్ పెడదామనుకుంటున్నాను. హన్మకొండలో నేర్చుకున్నది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, దాంట్లో తెలుగు కొట్టే అను ఫాంట్లు. పెళ్లి కార్డులు, కరపత్రాలతో పాటు కవితా సంపుటాలు, బడి సంచికలు కూడా చేయాలని ఉంది. అదే పని చేసే అడోబీ వాళ్ల ఇన్‌డిజైన్‌కు నెలనెలా కట్టాలంటున్నారు. ఉన్న పేజ్‌మేకర్‌తో నెట్టుకు రావచ్చా? బొమ్మలు గీసే కోరల్‌డ్రా, పేజీలు కూర్చే స్క్రైబస్ సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, కార్డులు, కరపత్రాలే అయితే కోరల్‌డ్రా చాలు అనేవాణ్ని. మీ ఉత్తరంలో నన్ను ఆపింది కవితా సంపుటాలన్న మాట. పుస్తకం పని చేయాలనుకుంటే ఇన్‌డిజైన్ వైపు నడవాల్సిందే.

పేజ్‌మేకర్ అంటే మన వరంగల్ డీటీపీ వాళ్లకున్న మమకారం నాకు తెలుసు, నా చేయి తిరిగిందీ దాని మీదే. కానీ ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన ఆ ప్రోగ్రాం అడోబీ చేతికి వచ్చాక, 2001లో 7.0 దగ్గర ఆగిపోయింది. దానికి యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకే సంకేతం ఉండే పద్ధతి, తెలియదు. అనులో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కవితంతా గజిబిజి. కవి రేపు అదే పుస్తకాన్ని ఈబుక్ చేయాలంటే మళ్లీ టైపు కొట్టాలి, లేదా కన్వర్టర్‌లో వేసి అక్షరం అక్షరం దిద్దుకోవాలి. ఒక మనిషి ఏళ్ల తరబడి రాసుకున్నది ఒక ఫాంటుకు తాకట్టు పడకూడదు. ఏ ప్రోగ్రాం తీసుకున్నా సరే, యూనికోడ్‌లోనే కొట్టండి.

ఇన్‌డిజైన్‌లో తెలుగు అతికించగానే ‘స్వాతంత్ర్యం’ ముక్కలై వత్తులు విడివిడిగా నిలబడితే కంగారుపడకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. రవత్తు, యవత్తు తమ చోట్లలో కుదురుకుంటాయి. ఆ అమరికను పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. ఫాంట్లకు కొరత లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర ఉచితం. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర వాడి చూడండి. 12 పాయింట్ల అక్షరానికి లీడింగ్ (ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు దూరం) 17 గానీ 18 గానీ ఇవ్వాలి. ప్రోగ్రాం తనంతట తానిచ్చే 14.4తో వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. మన లిపికి కిందా పైనా చోటు కావాలి మరి.

డబ్బు ఇబ్బందైతే స్క్రైబస్‌తో మొదలుపెట్టండి. పైసా కట్టనక్కర్లేదు. 2024 జనవరిలో వచ్చిన 1.6 గానీ, ఆ తర్వాతది గానీ దించుకోండి. పాత 1.4లో వత్తులు కలవవు. సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు) రంగులు, 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోత కోసం పేజీ అంచు దాటించే రంగు), ప్రెస్సుకిచ్చే పీడీఎఫ్ అన్నీ అందులో వస్తాయి. ఓ కవితా సంపుటం దాంట్లో నిశ్చింతగా చేయొచ్చు. పని పెరిగి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఇన్‌డిజైన్‌కు కట్టండి. క్వార్క్ అనే మరో పేజీల ప్రోగ్రాం జోలికి వెళ్లే అవసరం మీకు లేదు.

పేజ్‌మేకర్‌ను మాత్రం తీసేయకండి. మేడారం జాతర దగ్గర పడగానే ‘పోయినసారి కరపత్రమే, తేదీలు మార్చియ్యండి’ అని పాత ఫైలు పట్టుకొచ్చేవాళ్లు మీ దగ్గరకూ వస్తారు.

ప్రశ్న: వర్డ్‌లో చేసిచ్చిన కలర్ కరపత్రంలో నల్ల అక్షరాల అంచుల్లో ఎరుపు, నీలం నీడలు పడ్డాయి. తప్పు ప్రెస్సుదేనా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: ఫైలులోనే ఉండి ఉంటుంది. వర్డ్ నలుపు ఆర్‌జీబీ నలుపు, అంటే తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో చెప్పిన నలుపు. అచ్చుకు ఒక్కో రంగుకూ ఒక్కో ప్లేటు తీసేటప్పుడు అది నాలుగు రంగుల్లోకి విడిపోతుంది. మిషన్ మీద కాగితం వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు బయటపడుతుంది. సన్నటి తెలుగు అక్షరాల్లో మరీ ఎక్కువ. అక్షరాలకు బ్లాక్ ఒక్కటే 100 శాతం ఇవ్వండి. ఇన్‌డిజైన్ ఉంటే ఒక్కో రంగు ప్లేటునూ విడిగా చూపే సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి బ్లాక్ ప్లేటును ఆపి చూడండి. అక్షరాలు పూర్తిగా మాయమైతేనే ఫైలు ప్రెస్సుకు పంపండి.